వాడని డ్రమ్ములు ఎక్కడ పెట్టాలి?

ఇంట్లో ఒక పడగ్గదిని స్టూడియోగా మార్చుకున్నవాళ్ళకి మొదటి ఏడాది కొనడంతోనే గడిచిపోతుంది. మైకులు, స్పీకర్లు, కీబోర్డు, మనసుపడి కొనుక్కున్న డ్రమ్ కిట్. ముందునుంచీ ఇంట్లో ఉన్న మృదంగమో, తబలాలో, ఊళ్ళోంచి తెచ్చుకున్న డప్పో ఎలాగూ ఉంటాయి. రెండో ఏడాదికి చోటు చాలదు. పదడుగుల గదిలో కిట్ పరిచి ఉంచితే మూడో వంతు నేల దానికే పోతుంది. పాటకి తాళం కంప్యూటర్లోనే కట్టేస్తున్నప్పుడు కిట్ నెలల తరబడి ఊరికే నిలబడి ఉంటుంది. చివరికి దాన్ని విప్పి అటక ఎక్కిస్తారు, లేదంటే బాల్కనీ మూలకి నెట్టి పైన ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. దుమ్ము పడకుండా చూశాం కదా అని నిశ్చింతగా ఉంటారు.

దుమ్ము డ్రమ్ముని పాడుచేయదు. పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పాడుచేసేవి మూడు: తేమ, వేడి, మీద పడే బరువు. అటక మీద వేడి, బాల్కనీలో తేమ, ఒకదాని మీద ఒకటి పేర్చినచోట బరువు. ఈ మూడూ కంటికి కనబడకుండా పని చేస్తాయి కాబట్టే, రెండేళ్ళ తరవాత విప్పి చూసినప్పుడు తప్ప సంగతి బయటపడదు.

అసలు వాయించని వాద్యానికి ఏమవుతుందో ముందు చూద్దాం. చెక్క, గాలిలో తేమ పెరిగితే పీల్చుకుని ఉబ్బుతుంది, తగ్గితే వదిలేసి ముడుచుకుంటుంది. డ్రమ్ కిట్ షెల్లుని పలచటి చెక్క పొరలు అతికించి చేస్తారు. చాలావాటిలో ఒక పొర ఈనె నిలువుగా ఉంటే పక్క పొర ఈనె అడ్డంగా ఉంటుంది. ఒక పొర కదలబోతే పక్కది పట్టి ఆపుతుంది కాబట్టి షెల్ తొందరగా పగలదు. కానీ పొరల మధ్య జిగురు ఎండవేడికి మెత్తబడితే, అదే సమయంలో ఒక పక్క బరువు పడితే, గుండ్రటి షెల్ కొద్దికొద్దిగా కోలగా మారుతుంది. అలా మారిన షెల్ మీద హెడ్, అంటే వాయించే మూత, సమానంగా కూర్చోదు, ఎంత తిప్పినా శ్రుతి కుదరదు. మృదంగం సంగతి వేరు. దాన్ని ఒకే పనస దుంగను తొలిచి చేస్తారు. ఆపడానికి అడ్డపొర లేదు. బాగా ఎండితే ఈనె వెంట నిలువునా చీలుతుంది.

అన్నిటికంటే ఎక్కువ కదిలేది తోలు. వర్షాకాలంలో నీరు పీల్చి వదులవుతుంది, శ్రుతి దిగిపోతుంది. ఎండాకాలంలోనూ ఏసీ గదిలోనూ ఆరి బిగుసుకుంటుంది, శ్రుతి పెరిగిపోతుంది. ఒకప్పుడు పాశ్చాత్య డ్రమ్ములకీ దూడతోలే కట్టేవారు, వాళ్ళకీ ఇదే బాధ. 1950ల్లో మైలార్ అనే పాలియెస్టర్ రేకు హెడ్లు వచ్చాక కథ మారింది. రెమో బెల్లి 1957లో పెట్టిన కంపెనీ ఆ హెడ్లని ప్రపంచమంతా వ్యాపింపజేసింది. మైలార్ తేమకి దాదాపు చలించదు. కాబట్టి డ్రమ్ కిట్ దాచడానికీ మృదంగం దాచడానికీ సూత్రం ఒకటే అయినా జాగ్రత్తలు వేరు.

సూత్రం ఇది: మనిషి హాయిగా ఉండగలిగే చోటే డ్రమ్ముకీ మంచిది. గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. 65 దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు మొదలవుతుంది. 35 లోపుకి పడి అక్కడే ఉంటే చెక్కకీ తోలుకీ కష్టకాలం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో ఉండేవాళ్ళకి తేమే శత్రువు, దానికి తోడు ఉప్పుగాలికి నికెల్, క్రోమ్ పూత కింది ఇనుము తుప్పు పడుతుంది. హైదరాబాదు, అనంతపురం వైపు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గాలి 30 శాతం లోపుకి ఆరిపోవడం మామూలే. అక్కడ భయం చీలికలది. న్యూజెర్సీలాంటి చోట్ల స్థిరపడ్డ తెలుగువాళ్ళకి శీతాకాలంలో ఇంటి హీటర్ ఇదే పని చేస్తుంది. ఇక్కడినుంచి మోసుకెళ్ళిన మృదంగం అక్కడ మొదటి చలికాలంలోనే చీలిందంటే కారణం చలి కాదు, హీటర్ ఆరబెట్టిన గాలి.

తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. కొనమనే నా సలహా. దాన్ని గోడకి తగిలించి వదిలేయకుండా కేసు లోపల పెట్టి మర్నాడు చూడాలి. గదిలో 55 ఉన్నప్పుడు గోడవారన ఉన్న సంచిలో 70 చూపించడం అరుదేమీ కాదు.

గదిలో ఏ గోడ పక్కన పెట్టాలన్నది చాలామంది ఆలోచించరు. వాన కొట్టే బయటి గోడ, బాత్రూమ్‌తో కలిసి ఉన్న గోడ, ఈ రెండూ పనికిరావు. చెమ్మ ఉందో లేదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. అరచేతి వెడల్పు పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కని గోడకి ఆనించి నాలుగు వైపులా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. ముక్కకి గోడవైపున నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోంచి వస్తోందన్నమాట. గదివైపున పడితే గాలిలోనే తేమ ఎక్కువ. మొదటిదైతే చోటు మార్చాలి, రెండోదైతే గాలి సంగతి చూడాలి, అంటే ఏసీలో ఉండే డ్రై మోడ్ గాని, డీహ్యూమిడిఫయర్ గాని.

నేల సంగతి ఇంకా ముఖ్యం. మన ఇళ్ళలో రోజూ తడిగుడ్డ పెడతారు. నేలమీద నేరుగా పెట్టిన కేసు కిందికి ఆ తడి చేరుతుంది, అక్కడ ఆరదు. కేసు ఎత్తి చూస్తే అడుగున తెల్లటి బూజు గుండ్రంగా అచ్చు పడి ఉంటుంది. నేలకి నాలుగంగుళాల ఎత్తున చెక్క పీటో, ఇనుప స్టాండో వేసి దానిమీద పెట్టాలి. గోడకీ కేసుకీ మధ్య చెయ్యి దూరేంత సందు వదలాలి. అపార్ట్‌మెంట్లలో వంటింటి పైన ఉండే అటకలోకి నూనె ఆవిరి చేరుతుంది, అది జిడ్డుగా పట్టి తేమని అట్టే నిలబెడుతుంది. మేడమీద ఒంటరి గది మేలో కొలిమి. అక్కడ పెట్టే బదులు మంచం కింద పెట్టడం వెయ్యి రెట్లు నయం. స్నేర్, పది పన్నెండు అంగుళాల టామ్‌లు ఎత్తు మంచం కింద పడతాయి. 22 అంగుళాల బేస్ డ్రమ్ మాత్రం పట్టదు.

ఆ బేస్ డ్రమ్మే చోటు సమస్యకి జవాబు కూడా. ముందువైపు హెడ్ తీసేస్తే లోపలంతా ఖాళీ. 16 అంగుళాల ఫ్లోర్ టామ్ కాళ్ళు తీసి, పై హెడ్ ఊడదీసి, అందులో దించవచ్చు. ఆ ఫ్లోర్ టామ్‌లోకి 12 అంగుళాల టామ్ దిగుతుంది. సాధారణంగా నాలుగంగుళాల తేడా ఉంటే చిన్నది రిమ్‌తో సహా పెద్దదాంట్లో పడుతుంది. రెండంగుళాల తేడా అయితే షెల్ బయట ఉండే లగ్గులు, అంటే హెడ్ బిగించే రాడ్లు దిగే దిమ్మలు, అడ్డొస్తాయి, బలవంతంగా తోయకూడదు. దించేముందు లోపలి గోడంతా మెత్తటి గుడ్డ చుట్టాలి. పాత పంచెలూ, ఉతికి ఉతికి మెత్తబడ్డ నేతచీరలూ దీనికి దివ్యంగా ఉంటాయి. రెక్సిన్, పీవీసీ పట్టాలు షెల్ పాలిష్‌కి తగిలి నెలల తరబడి ఉంటే మరకలు దిగుతాయి, కొన్ని పాలిష్‌లు మెత్తబడి అంటుకుపోతాయి కూడా. చవక కేసుల్లోని స్పాంజి మన తేమకి కొన్నేళ్ళలో పొడిపొడిగా రాలి జిగటగా అవుతుంది. అలాంటిది కనిపిస్తే పీకేసి గుడ్డ వేయండి. ఊడదీసిన హెడ్లని పరుపు కిందో బీరువా వెనకో పడుకోబెట్టి ఉంచవచ్చు, వంగకుండా చూస్తే చాలు.

హెడ్ తీసిన షెల్లుకి అంచు బయటపడుతుంది. హెడ్ ఆనే ఆ సన్నటి వాలు అంచు మీదే డ్రమ్ము నాదమంతా ఆధారపడి ఉంటుంది. చాలా డ్రమ్ములకి దాన్ని 45 డిగ్రీల కోణంలో చెక్కుతారు. గచ్చుమీద అలాగే బోర్లిస్తే సొట్ట పడుతుంది. ఆ సొట్ట దగ్గర హెడ్ ఎప్పటికీ కూర్చోదు. కింద దుప్పటి మడతైనా ఉండాలి, లేదా ఖాళీ రిమ్‌ని తిరిగి బిగించైనా ఉంచాలి.

ఒకదానిలో ఒకటి పెట్టడం ఇష్టం లేక ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్ళు ఇంకో తప్పు చేస్తుంటారు. పెద్దది కింద, చిన్నది పైన పెడితే చిన్నదాని రిమ్ నేరుగా పెద్దదాని హెడ్ మీద కూర్చుంటుంది. నెలల తరబడి అలా ఉంటే హెడ్ మీద ఉంగరంలా గుంట పడి, తిప్పినప్పుడల్లా ఆ గుంట దగ్గర వదులుగా మోగుతుంది. మధ్యలో కింది డ్రమ్ము రిమ్ కంటే వెడల్పైన ప్లైవుడ్ ముక్క వేయాలి. అప్పుడు బరువు రిమ్ నుంచి రిమ్‌కి దిగుతుంది, హెడ్ మీద పడదు. డ్రమ్ముల్ని పక్కకి దొర్లించి కాకుండా నిలువుగా, హెడ్ పైకి ఉండేలా పెట్టడం ఎప్పుడూ మంచిది. స్టాండ్లు, పెడల్ వంటి ఇనుప సామాను వేరే సంచిలో పెట్టి అన్నిటికంటే అడుగున ఉంచాలి. ఏ షెల్లులోనూ వేయకూడదు.

హెడ్లు బిగించి ఉంచాలా, వదులు చెయ్యాలా అన్న ప్రశ్న ప్రతివాళ్ళూ అడుగుతారు. పూర్తిగా వదులు చేస్తే రాడ్లు ఊడిపోతాయి, రిమ్ కదులుతుంది, షెల్లుని గుండ్రంగా పట్టి ఉంచే ఊత పోతుంది. వాయించేంత బిగువులోనే ఏళ్ళ తరబడి వదిలేస్తే లగ్గుల దగ్గర చెక్కకి నిరంతరం లాగుడే. వాయించే బిగువు నుంచి ఒక్కో రాడ్డునీ అరచుట్టు, మహా అయితే ఒక చుట్టు వెనక్కి తిప్పండి. ఒక పక్కనుంచి వరసగా కాదు, ఎదురెదురుగా. అప్పుడే రాడ్డుకి ఒక చుక్క మెషిన్ ఆయిల్ వేస్తే తీరప్రాంతంలో కూడా పట్టేసుకోదు.

స్నేర్‌కి ఇంకాస్త శ్రద్ధ కావాలి. పైన కర్రతో కొట్టే హెడ్ పావు మిల్లీమీటరు మందం, అంటే 0.25 మి.మీ. ఉంటే, కింద తీగలు ఆనే హెడ్ 0.075 మి.మీ. మాత్రమే ఉంటుంది. అది మన తలవెంట్రుక మందం. దాని కింద ఏ వస్తువూ తగలకూడదు. తీగల బిగువు పూర్తిగా సడలించి, తీగలకీ హెడ్‌కీ మధ్య ఒక సన్నటి నూలుగుడ్డ పీలిక దూర్చండి. తీగలు దేనికీ చిక్కుకోవు. ఇంకో ఉపయోగం కూడా ఉంది, దాని గురించి కింద చెబుతాను.

సింబల్స్ విషయం త్వరగా ముగించవచ్చు. మంచి రకం సింబల్‌లో 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు తగరం. అంటే మన కంచే. వేలిముద్రల్లోని చెమట నల్లమచ్చగా మారుతుంది కాబట్టి తుడిచి, ఒక్కోదాని మధ్యా గుడ్డ వేసి, సంచిలో పెట్టి లోపలి గోడకి కొక్కెం వేసి తగిలించాలి. అంచు మీద నేలకి నిలబెడితే అక్కడే పగులు మొదలవుతుంది. తోలుసంచి వర్షాకాలంలో వద్దు.

ఇక తోలువాద్యాలు. వీటి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన ఇళ్ళలో ఇవే ఎక్కువ, పోయేవీ ఇవే. మృదంగం ఎడమ మూతకి, అంటే తొప్పికి, వాయించేముందు బొంబాయి రవ్వ ముద్ద పెడతారు. కచేరీ అయ్యాక అది గీకి తీయకుండా సంచిలో పెట్టడం కంటే పెద్ద అపరాధం లేదు. రవ్వ పులుస్తుంది, తోలు కుళ్ళుతుంది, ఆ వాసనకి బొద్దింకలూ ఎలుకలూ వస్తాయి. ఎలుక రవ్వతో ఆగదు, తోలుకీ వార్లకీ వెళుతుంది. ముద్ద తీసి, తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే సంచి ముడి వేయాలి. ఆ ఆరడానికి గంటన్నా పడుతుంది, తొందరపడకూడదు.

కుడి మూత మీద నల్లటి కరణి ఉంటుంది. ఇనుము కలిసిన రాతిపొడీ అన్నం మెతుకులూ కలిపి నూరి, పొర మీద పొర రుద్దుతూ దాన్ని వేస్తారు. ఆ పైన కనిపించే సన్నటి బీటలు లోపం కాదు, నాదానికి కావలసినవే. కానీ గాలి మరీ ఆరితే పెచ్చులు ఊడతాయి. తేమ పడితే మెత్తబడి రాలుతుంది. దాని మీద నూనె చుక్క పడకూడదు. తోలు ఎండిపోతుందని కొబ్బరినూనె రాసేవాళ్ళున్నారు. చెప్పుల తోలు పదును చేసింది, దానికి నూనె మేలు చేస్తుంది. వాద్యానికి కట్టేది పచ్చితోలు. నూనె తాగితే బిగువు పోతుంది, నాదం చస్తుంది, తిరిగి రాదు.

దాచేముందు మృదంగం శ్రుతి కొద్దిగా దించాలి. బోల్టులున్నదైతే అన్నిటినీ సమానంగా కాస్త సడలించండి. వార్లున్నదైతే మూత అంచు అల్లికని కింది నుంచి పైకి మెల్లగా తట్టి దించుతారు. తబలాకి కట్టెబిళ్ళల్ని కాస్త పైకి జరిపితే చాలు, మొత్తం ఊడదీయక్కర్లేదు. మృదంగాన్ని మూత మీద నిలబెట్టకుండా గుడ్డచుట్ట మీద అడ్డంగా పడుకోబెట్టాలి. తబలాలకి మెత్తటి గుండ్రటి మూతగుడ్డలు వస్తాయి, అవి కరణి మీద దుమ్మునీ దెబ్బనీ ఆపుతాయి.

డప్పుని వాయించేముందు మంట సెగ చూపించి బిగువు తెప్పిస్తారు. ఆ బిగువు తాత్కాలికం. అందుకే ఎప్పుడూ వేడి దగ్గర ఉంచితే మంచిదన్న అపోహతో వంటింటి గోడకి వేలాడదీయకండి, తోలు చట్రం దగ్గర చిట్లుతుంది. లోపలి గోడకి వెడల్పాటి గుడ్డపట్టీతో చట్రాన్ని పట్టి తగిలించండి. కంజీరకి కూడా అంతే. పాత కంజీర ఉడుము చర్మంతో ఉంటే మరీ జాగ్రత్త, ఎందుకంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుముని కాపాడుతోంది. ఆ మూత పోతే మళ్ళీ అదే కట్టించడం నేరం. మేకతోలుకో సింథటిక్ మూతకో మారాల్సిందే.

పురుగుల కోసం నాఫ్తలీన్ ఉండలు వేయడం మనకి అలవాటు. చీరల బీరువాకి ఏమోగానీ, అదే గదిలో తలుపులు బిగించుకుని గంటలు గంటలు పాడే చోట నేను వేయను. ఆ ఆవిరి మనమూ పీలుస్తాం. జి6పిడి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసిపిల్లలకి నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉన్న సంగతి చాలాసార్లు ముందు తెలియదు కూడా. గదిలో పిల్లలు పడుకుంటే ఆ ఉండలు అసలే వద్దు. నెలకోసారి సంచులు విప్పి, నీడపట్టున గాలి తగిలే చోట ఒక పూట ఉంచితే పురుగు నిలవదు. మృదంగం కట్టె దగ్గర సన్నటి పిండి రాలితే మాత్రం పుచ్చు పట్టిందని అర్థం. దాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి మరమ్మతుకి పంపాలి.

సిలికా జెల్ పొట్లాలు మంచివే, కానీ మూసిన కేసులోనే పని చేస్తాయి. గుడ్డసంచిలో వేస్తే గదిలోని తేమంతా లాగాలని చూసి ఒక్కరోజులో నిండిపోతాయి. రంగు మారేవి కొనండి. నారింజ రంగువి ఆకుపచ్చకి తిరిగితే నిండాయని గుర్తు, ఓవెన్‌లో సుమారు 120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి. నీలం నుంచి గులాబీకి మారేవాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. ఇంట్లో అవి వద్దు. హైదరాబాదు వేసవిలో తోలువాద్యం సంచిలో సిలికా జెల్ అసలు పెట్టకూడదు, ఉన్న కాస్త తేమనీ లాగేస్తుంది.

స్టూడియోలో దాచేటప్పుడే ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. దాచిన డ్రమ్ములు పలుకుతాయి. ఏ హెడ్ ఏ శ్రుతిలో ఉంటే ఆ శ్రుతి గదిలో వినపడగానే దానంతట అదే కంపిస్తుంది. 16 అంగుళాల ఫ్లోర్ టామ్ సుమారు 80 హెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి, బేస్ గిటారు ఆ స్వరం తాకిన ప్రతిసారీ టామ్ మూలుగుతుంది. గాయకుడి శ్రుతికి కట్టిన మృదంగం మూలన ఉంటే, ఆయన షడ్జమం నిలిపినప్పుడల్లా కుడి మూత వంత పాడుతుంది. మైకు అదంతా పట్టుకుంటుంది. స్నేర్ తీగలైతే ప్రతి స్వరానికీ గరగరమంటాయి. ఆ గుడ్డపీలిక రెండో ఉపయోగం ఇదే. రికార్డింగుకి ముందు గది మధ్యలో నిలబడి మంద్రం నుంచి పైకి ఒక దీర్ఘమైన జారు పాడి టక్కున ఆపండి. ఆపాక ఒక్క క్షణం ఏది మోగుతుందో వినబడుతుంది. దాని హెడ్ మీద మడతపెట్టిన తువ్వాలు వేయండి, లేదా మందపాటి సంచిలో పెట్టండి. శ్రుతి దించి ఉంచిన మృదంగమైతే పాట శ్రుతిలో ఉండదు కాబట్టి ఈ ఇబ్బంది సగం తప్పుతుంది.

మళ్ళీ వాయించాలనుకున్న రోజున, చల్లటి ఏసీ గదిలోంచి కేసు బయటికి తెచ్చి వెంటనే తెరవకండి. తేమగాలి చల్లటి రిమ్ మీద నీరై కూర్చుంటుంది. గంటసేపు మూసే ఉంచి తెరవండి. కిట్ అయితే రాడ్లని వెనక్కి తిప్పినంత తిరిగి బిగించి వాయించుకోవచ్చు. మృదంగాన్ని ఒక్కసారిగా శ్రుతికి ఎక్కించకూడదు, కొంచెం పెంచి ఒక రాత్రి వదిలి, మర్నాడు మిగతాది పెంచాలి. కరణి పెచ్చు లేచి ఉంటే గోరుతో కదపకుండా మూతలు కట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. దసరా ముందూ శ్రీరామనవమి పందిళ్ళ ముందూ వాళ్ళకి ఊపిరి సలపదు, శ్రావణ భాద్రపదాల్లో కొత్త తోలు సరిగా ఆరదు. సంక్రాంతి వెళ్ళాక, ఎండలు ముదరకముందు ఇస్తే తీరిగ్గా, గట్టిగా కట్టి ఇస్తారు.